ఒక్కసారే అడిగారు

ఆ ఫిబ్రవరి గురించి మా పొరుగింటి రాదులె ఇప్పటికీ ఎవరు దొరికితే వాళ్ళకి చెబుతుంటాడు. మంచు కిటికీల పైదాకా వచ్చిందనీ, పదకొండు రోజులు మా సువోదో ఊరు మొత్తాన్ని బతికుండగానే పాతిపెట్టినట్టయిందనీ, సైన్యం హెలికాప్టర్లు మా నెత్తిమీద నుంచే పోతూ మమ్మల్ని కన్నెత్తి కూడా చూడలేదనీ. మొదటి రెండూ నిజం. మూడోదాని వెనక ఉన్నది వాడికి తెలియదు, నాకు తెలుసు. అయినా వాడు చెబుతున్నంతసేపూ పక్కనే కూర్చుని తల ఊపుతుంటాను. సిగ్గు లేదా అంటారా? ఉంది కాబట్టే ఊపుతున్నాను.

మాది మాంటెనెగ్రో ఉత్తరాన కొండమీద ఐదిళ్ళ ఊరు. చలికాలంలో పొయ్యి వెలిగేది మూడిళ్ళలోనే. ఒకటి రాదులెది, వాడి భార్య సావ్కాది. ఒకటి డానోయ్‌లా ముసలమ్మది. మూడోది మాది. మా ఇంట్లో నేను, నా భార్య రోసాండా, మా అన్నయ్య విదోయె. అన్నయ్య నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు. నాన్న పోయాక నన్ను సాకింది ఆయనే. జులైలో పచ్చిక కోతల పందెం పెడితే, పొడుగు కర్ర కొడవలి పట్టుకుని రెండు కాళ్ళూ ఎడంగా వేసి నిలబడ్డ మా అన్నయ్యని చూసి కుర్రకారు ముందే చేతులెత్తేసేది.

మంచు మొదలైన నాలుగో రోజున ఆయన పెరట్లో పొయ్యికోసం బీచ్ చెట్టు మొద్దులు చీలుస్తున్నాడు. కర్ర గడ్డకట్టి ఇనుములా ఉంది. గొడ్డలి మొద్దు మీద జారి, బూటు కోసుకుని పాదంలో దిగింది. అరుపూ లేదు, ఏమీ లేదు. గుమ్మంలోకి వచ్చి నిలబడి, ఉప్పు బదులడిగినట్టు, "రోసాండా, పాత గుడ్డేమైనా ఉంటే ఓ ముక్క ఇవ్వమ్మా" అన్నాడు. అప్పుడు చూశాం, ఆయన వెనక మంచుమీద ఎర్రటి అడుగులు.

రోసాండా ఇంట్లో కాచిన సారా పోసి కడిగింది. ఆయన పళ్ళు కరుచుకుని, "మంచి సారా అంతా కాలికే తాగించేస్తున్నావు. నోటిక్కూడా కాస్త పొయ్యి" అన్నాడు. అందరం నవ్వాం. అప్పటికింకా నవ్వగలిగే స్థితిలోనే ఉన్నాం.

కరెంటు మొదటి రోజే పోయింది. దాంతో సెల్‌ఫోన్లు చచ్చాయి. కానీ మా ఇంట్లో గోడకి పాత తీగ ఫోను ఉంది. ఊరు మొత్తానికి అదొక్కటే. దానికి మా కరెంటుతో పనిలేదు. ఆరో రోజు పొద్దున్న అది మోగింది. రోసాండా కొట్టంలో పాలు పితుకుతోంది. అన్నయ్య పొయ్యి పక్క బల్లమీద పడుకుని ఉన్నాడు, కాలు దిండుమీద. నేనే ఎత్తాను.

"సువోదోనా అండీ? సహాయ కేంద్రం నుంచి మాట్లాడుతున్నాను, సైన్యం." ఆడపిల్ల గొంతు. అలిసిపోయిన గొంతు. "మీ ఊళ్ళో ఎంతమంది ఉన్నారు?"

"ఆరుగురం అమ్మా."

"ఎవరికైనా జబ్బుగా ఉందా? దెబ్బలేమైనా తగిలాయా? హెలికాప్టర్ పంపమంటారా?"

ఇక్కడ మా వైపు మర్యాద ఒకటి చెప్పాలి. ఎవరింటికైనా వెళ్తాం. కాఫీ తాగుతావా అంటారు. వద్దనాలి. అయ్యో, కొంచెమైనా అంటారు. మళ్ళీ వద్దనాలి. మూడోసారి అడిగితే, సరే మీ మాట కాదనలేక అంటూ తీసుకోవాలి. మొదటిసారే చెయ్యి చాచేవాణ్ణి మా వైపు కరువు మొహం అంటారు. వాడి పిల్లలక్కూడా ఆ పేరు తగులుకుంటుంది. అడిగేవాళ్ళకీ ఈ సంగతి తెలుసు. మూడుసార్లు అడగకపోతే అసలు అడగనట్టే. అప్పటికే నాకు అరవై ఏళ్ళు. ఈ అరవై ఏళ్ళలో మొదటిసారి అడిగినప్పుడు ఊఁ అన్న గుర్తు నాకు లేదు. పెళ్ళిచూపుల్లో మా మామగారు పిల్ల నచ్చిందా అంటే, అబ్బే ఇప్పుడే తొందరేముందండీ అన్నవాణ్ణి నేను.

అన్నయ్య కాలివంక చూశాను. కట్టు పైన పిక్క బిగదీసుకుని మెరుస్తోంది. చూస్తూనే నోరు తెరిచాను. చూస్తూనే ఇలా అన్నాను:

"అబ్బే, మాకోసం అంత శ్రమెందుకమ్మా! మాకేం, బాగానే ఉన్నాం. పైనున్న పోదిన ఊరివాళ్ళు మాకంటే ఇబ్బందిలో ఉంటారు. ముందు వాళ్ళ సంగతి చూడండి."

"అంటే మీకు అవసరం లేదు."

అడుగుతోందనుకున్నాను. రెండోసారి అనుకున్నాను. అందుకని రెండోసారి జవాబే ఇచ్చాను. "ఏదోలెండి, మేం సర్దుకుంటాం."

"సరేనండీ, రాసుకున్నాను. జాగ్రత్తగా ఉండండి."

పెట్టేసింది.

రిసీవర్ చెవి దగ్గరే ఉంచుకుని కాసేపు నిలబడ్డాను. ఇంకోసారి మిగిలి ఉంది కదా. ఆ పిల్ల మా కొండల పిల్లయితే అడిగేది. అడిగితే చెప్పడానికి మాట నాలుక చివరే ఉంది: మీరింతగా అడుగుతున్నారు కాబట్టి చెబుతున్నానమ్మా, మా అన్నయ్యకి కాలికి కొంచెం... తీగలో కూత తప్ప ఏమీ వినపడలేదు. రిసీవర్ పెట్టి వెనక్కి తిరిగాను. అన్నయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోతున్నాడనుకున్నాను. అలా అనుకుంటే నాకు సుఖంగా ఉంది.

రోసాండా పాలబిందెతో లోపలికొచ్చింది. "ఫోను మోగినట్టుందే?"

"సైన్యం వాళ్ళు."

ఆమె మొహం విప్పారింది. బిందె కింద పెట్టి శిలువ గుర్తు వేసుకుంది. "వస్తామన్నారా?"

చూడండి, మాట ఆమే అందించింది. నేను చెయ్యాల్సిందల్లా కాదనడం. జీవితమంతా మొదటిసారి అడిగితే కాదన్నవాణ్ణి, ఆ ఒక్కసారి మాత్రం ఠక్కున, "ఆఁ, వస్తామన్నారు" అన్నాను.

గంటలో ఊరంతా తెలిసింది. ఊరంతా అంటే రాదులె, సావ్కా, ముసలమ్మ. రాదులె పారలు పట్టుకొచ్చాడు. "లేవరా యాగోష్! హెలికాప్టర్ దిగాలంటే మంచు తొక్కి గట్టి చెయ్యాలి. లేకపోతే దాని గాలికి పొడి లేచి వాడి కళ్ళు కనపడవు. నేను సైన్యంలో చేశాను, నాకు తెలుసు." వాడు సైన్యంలో చేసింది వంట. అయినా ఆ రోజు వాడే సేనాపతి. ఇంటివెనక బయలులో పక్కపక్కనే నడుస్తూ, గుండ్రంగా, మోకాళ్ళు పడిపోయేదాకా తొక్కాం. పైలట్‌కి నేల ఎక్కడుందో తెలియడానికి ఫర్ చెట్ల కొమ్మలు పరిచాం, బూడిద చల్లాం. రోసాండా పెట్టెలోంచి తన పెళ్ళినాటి ఎర్ర ఉన్ని కంబళి తెచ్చి మధ్యలో పరిచి నాలుగు మూలలా రాళ్ళు పెట్టింది. "దీన్ని నేను ఒక్కసారి కూడా కప్పుకోలేదు. ఇప్పటికి పనికొచ్చింది" అంది.

నేనూ తొక్కాను. అందరికంటే ఎక్కువ తొక్కాను. రానిదానికోసం చెమటలు కారేలా పనిచేశాను. అలా తొక్కుతున్నంతసేపూ, వాళ్ళు మళ్ళీ ఫోను చేస్తారని నాకు నేనే చెప్పుకున్నాను. చెయ్యకుండా ఎలా ఉంటారు? ఒక్కసారి అడిగి ఊరుకుంటారా ఎక్కడైనా?

మర్నాడు పదింటికి హెలికాప్టర్ వచ్చింది. లోయలోంచి శబ్దం ముందొచ్చింది, తర్వాత అది. సావ్కా తలగుడ్డ విప్పి ఊపింది. రాదులె టోపీ ఊపాడు. రోసాండా లోపలికి పరిగెత్తి, "బావగారూ, వచ్చేశారు, బూటేసుకోండి!" అంది. అది మా కంబళి మీద నుంచి, మా ఊపుళ్ళ మీద నుంచి తిన్నగా వెళ్ళి పైన పోదినలో దిగింది. దిగడం మాకు కనపడింది. మూటలు దించడం కూడా కనపడింది. అరగంటలో తిరిగి మా మీదనుంచే వెళ్ళిపోయింది. ఊపుతున్న చేతులకి జవాబుగా లోపలివాడు కూడా చెయ్యి ఊపాడు. చూసి పలకరిస్తున్నామనుకుని ఉంటాడు, పాపం.

"చూశావా, ముందు పోదిన!" అన్నాడు రాదులె. "అక్కడ ఓట్లు నలభై. మనవి ఆరు. ఆరు ఓట్లకి రెక్కాడుతుందా?"

"ఇంకో విడతలో వస్తారేమో" అంది రోసాండా నావైపు చూస్తూ. "వస్తామన్నారు కదా."

"వస్తామన్నారు" అన్నాను.

ఆ రోజు మధ్యాహ్నం ఇంకోసారి వెళ్ళింది. మర్నాడు రెండుసార్లు. నాలుగోసారి రాదులె మంచుగడ్డ తీసి పైకి విసిరాడు. నోటికొచ్చిన బూతులన్నీ తిట్టాడు, పైలట్‌నీ, పైలట్ తల్లినీ, వాణ్ణి పంపినవాళ్ళనీ. నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. "సిగ్గూ శరం లేనివాళ్ళు! చచ్చినా పట్టదు వీళ్ళకి!" అని నేనూ అరిచాను. రాదులెకంటే గట్టిగా అరిచాను. నా గొంతు కొండకి కొట్టుకుని మళ్ళీ నాకే వినపడింది.

ఇంట్లో అన్నయ్య కాలు రంగు మారింది. పాదం నల్లబడుతోంది, పిక్క మీదికి ఎర్రటి గీత పాకుతోంది. వాసన మొదలైంది. ఒళ్ళు కాలిపోతోంది. రోసాండా కచమాక్ వండి, మీగడ వేసి, ముద్దలు చేసి పెడితే రెండు తిని తల తిప్పుకునేవాడు. ఆయనకి ఇష్టమైన తిండి అది. బంగాళాదుంపా మొక్కజొన్న పిండీ కలిపి గరిటె తిరగనంత గట్టిగా ఉడికిస్తే తప్ప ఒప్పుకునేవాడు కాదు.

"ఏమయ్యా, నువ్వే ఒకసారి చెయ్యి వాళ్ళకి" అంది రోసాండా ఎనిమిదో రోజు. "బ్యాటరీ రేడియోలో నంబరు చెబుతూనే ఉన్నారు. నేను రాసి పెట్టాను."

ఫోను దగ్గరికి వెళ్ళాను. ఎత్తాను. కూత నిండుగా, ఆరోగ్యంగా వినపడింది. నంబరు తిప్పితే ఆ పిల్లే ఎత్తుతుంది. మీరు అవసరం లేదన్నారు కదండీ అంటుంది. నేను ఏమనాలి? మర్యాదకన్నానమ్మా అనాలా? వెనక రోసాండా నిలబడి ఉంది, బల్లమీద అన్నయ్య ఉన్నాడు, పొయ్యి దగ్గర రాదులె, సావ్కా. వీళ్ళందరి ముందూ అది చెప్పాలి. చెవిలో కూత మోగుతూనే ఉంది.

రిసీవర్ పెట్టేశాను. "లైను పోయింది" అన్నాను.

ఆ మాట ఇక్కడ రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. మొదటిసారి వద్దన్నది అలవాటు. నా నోరు అలా తయారైంది, మా నాన్న నోరు అలాగే ఉండేది. దానికి ఎవరైనా నన్ను క్షమిస్తారేమో. ఇది అలవాటు కాదు. చెవిలో కూత మోగుతుండగా లైను పోయిందన్నాను. మా అన్నయ్య కాలు ఒకవైపు, నలుగురిలో నా మొహం ఒకవైపు. నేను నా మొహాన్ని ఎంచుకున్నాను.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం. రాదులె, సావ్కా కాఫీకి వచ్చారు. అన్నయ్య మగతలో ఏదో గొణుగుతున్నాడు. రోసాండా గోడమీద దుమ్ము దులుపుతోంది. ఆమెకి కంగారు పుడితే ఇల్లు శుభ్రం చేస్తుంది, అదామె పద్ధతి. ఫోను తుడిచింది. తుడుస్తూ రిసీవర్ ఎత్తింది. కింద తుడవడానికే ఎత్తింది. చెవి దగ్గరికి రాకముందే ఆ కూత గదిలో అందరికీ సన్నగా వినపడింది.

"లైను వచ్చినట్టుందే!" అన్నాడు రాదులె.

రోసాండా రిసీవర్ చెవికి ఆనించుకుంది. నా వంక చూడలేదు. ఎప్రన్ జేబులోంచి కాగితం తీసి నంబరు తిప్పింది.

"సువోదో నుంచి, అమ్మా. మా బావగారి కాలు చెడిపోతోంది. గొడ్డలి దెబ్బ. మీరు మూడు రోజుల కింద వస్తామన్నారట కదా..." ఆగింది. విన్నది. "ఏ రోజు?" మళ్ళీ విన్నది. "మగ గొంతా?" చాలాసేపు విన్నది. ఆ కాసేపట్లో పొయ్యిలో కర్ర చిటపటలాడటం తప్ప నాకేమీ గుర్తులేదు. "అవునమ్మా" అంది చివరికి. "అవసరం ఉంది. అవసరం ఉంది. అవసరం ఉంది."

రిసీవర్ జాగ్రత్తగా, చప్పుడు కాకుండా పెట్టింది.

"ఏమంటారు? ఇన్నాళ్ళూ ఎక్కడ చచ్చారట?" అన్నాడు రాదులె.

"రేపు తెల్లవారగానే మొదట ఇక్కడికే వస్తారట. ఇవాళ పొగమంచు దిగుతోందట." రోసాండా గుడ్డ మడత పెట్టింది. "రాసుకోవడంలో ఏదో పొరపాటు జరిగిందట."

"పొరపాటు! విన్నావా యాగోష్, పొరపాటట!"

నేను విన్నాను. రోసాండా కాఫీ పోసింది. రాదులెని మూడుసార్లు అడిగింది, సావ్కాని మూడుసార్లు అడిగింది. నా దగ్గరికొచ్చి, "కాఫీ?" అంది.

"వద్దులే" అన్నాను అలవాటుగా.

నా కప్పు తీసుకెళ్ళి బోర్లించింది.

మర్నాడు ఏడున్నరకి వాళ్ళు వచ్చారు. రాదులె సేనాపతిగిరీ దేనికీ పనికిరాలేదు. మంచు లేచి ఇల్లే కనపడలేదు. రోసాండా కంబళి రాళ్ళని దొర్లించేసి ఎగిరి కంచెకి చుట్టుకుంది. తలుపు తీసి ఒక సైనికుడు దూకి, వంగండి, వెనక్కి వెళ్ళకండి అని చేతులతో సైగ చేశాడు. ఇద్దరు స్ట్రెచర్ తీసుకుని ఇంట్లోకి పరిగెత్తారు. రెక్కలు ఆగలేదు. ఆ చలిలో ఇంజను ఆపితే మళ్ళీ లేస్తుందో లేదోనని ఆపరట. పైలట్ ముందునుంచి దిగి వచ్చాడు. హెల్మెట్ తీస్తే నలభై లోపు మనిషి, కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గడ్డం మాసి ఉంది. ఎన్ని రోజులై నిద్రలేదో. ఆ ఒక్కరోజే పదకొండు చోట్లకి వెళ్ళాలని అతనితో వచ్చిన సైనికుడొకడు బస్తాలు దించేటప్పుడు చెప్పాడు.

రాదులె వాడి మొహం మీదికి వెళ్ళాడు. రెక్కల మోతలో అరిచాడు. "దారి తెలియలేదా నాయనా? నాలుగు రోజులుగా మా నెత్తిమీదే తిరుగుతున్నావు! చెయ్యి కూడా ఊపావు! మనిషి కుళ్ళిపోతుంటే చెయ్యి ఊపుతావా?"

పైలట్ జేబులోంచి మడతపెట్టిన జాబితా తీశాడు. గాలికి రెపరెపలాడుతుంటే రెండు చేతులా పట్టుకుని చూశాడు. "సువోదో. ఇక్కడ అవసరం లేదన్నట్టు ఉందండీ. ఇంటి యజమాని..." అని తలెత్తాడు.

రోసాండా నాకంటే ముందు కదిలింది. పైలట్‌కీ నాకూ మధ్యకి వచ్చి నిలబడింది. "రాతలో పొరపాటు జరిగుంటుంది బాబూ" అంది.

పైలట్ ఆమెని చూశాడు. ఆమె భుజం మీదుగా నన్ను చూశాడు. ఒక్కసారే చూశాడు. వాడికి అర్థమైంది. వాడూ ఈ నేలమీద పుట్టినవాడే, వాడి ఇంట్లోనూ మూడుసార్లు అడిగే తల్లి ఉండే ఉంటుంది. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మాదే పొరపాటు. క్షమించండి" అన్నాడు.

రాదులె వాడి బూట్ల ముందు ఉమ్మేశాడు.

నేను నోరు తెరవాల్సింది అప్పుడు. రాదులె, ఆగరా, వద్దన్నది నేను అని ఒక్క ముక్క. మోతలో వాడికి సరిగ్గా వినపడేది కూడా కాదు, అయినా అననందుకు సాకు లేదు. పైలట్ కిందకి చూసి, బూటు మంచులో రాసుకుని, ఏమీ జరగనట్టు పిండి బస్తాలు దించడానికి వెళ్ళాడు. మా మూడిళ్ళకి రెండు బస్తాల పిండి, నూనె, కొవ్వొత్తులు. మొదటి బస్తా నా భుజానికే ఎత్తాడు.

అన్నయ్యని స్ట్రెచర్ మీద తీసుకొచ్చారు. హెలికాప్టర్ తలుపు దగ్గర సైనికుడు వంగి, "పెద్దాయనా, ఎక్కిస్తున్నాం, సరేనా?" అని అడిగాడు.

జ్వరంతో మొహం పీక్కుపోయి ఉన్నా అన్నయ్య చెయ్యి ఎత్తాడు. "నాకెందుకు నాయనా, నేను బాగానే ఉన్నాను. ముందు ఆ డానోయ్‌లా ముసలమ్మని చూడండి."

సైనికుడు ఆగాడు. ముసలమ్మ కోసం అటూ ఇటూ చూశాడు. ఆ ఒక్క క్షణంలో రోసాండా అరిచిన అరుపు రెక్కల మోతని మించింది. "ఎక్కుతాడు! అడగొద్దు ఇంక! ఎక్కుతాడు!"

స్ట్రెచర్‌ని తనే తోసింది. వెనకాలే తనూ ఎక్కింది. తలగుడ్డ ఊడి జుట్టు ఎగురుతోంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె పరాయి మగాళ్ళ ముందు అరవడం నేను వినలేదు. తలుపు మూసుకుంది. నేను పిండి బస్తాతో నిలబడి ఉన్నాను.

దారి తెరుచుకున్నాక, పన్నెండు రోజులకి, రోసాండా ఒక్కతే బస్సుమీద వచ్చింది. పశువులకి నీళ్ళు పెట్టానా లేదా అని చూసింది. పొయ్యి ముందు కూర్చుని చేతులు చాపుకుంది. "మోకాలి కింద నుంచి తీసేశారు" అంది. "రెండు రోజులు ముందు తెచ్చుంటే రెండు వేళ్ళతో పోయేదట. డాక్టరు చెప్పాడు" అంది. అంతే. అరవలేదు, ఏడవలేదు, ఎందుకిలా చేశావని అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెప్పేవాణ్ణి. ఆమె అడగలేదు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటి మారింది. బయటివాళ్ళెవరికీ తెలియదు. రోసాండా నన్ను ఏదైనా ఒక్కసారే అడుగుతుంది. కచమాక్ ఇంకొంచెం? వద్దంటే గిన్నె తీసేస్తుంది. ఇంకో దుప్పటి? వద్దంటే పెట్టె మూసేస్తుంది. కోపంగా కాదు, విసురుగా కాదు. అడగడం, రాసుకోవడం, అంతే. నాకేమో అరవై ఏళ్ళ నోరు. ఆ వసంతమంతా నేను సగం ఆకలితో, సగం చలితో గడిపాను. ఒక్కరోజు కూడా, అది కాదే, ఇంకోసారి అడగవే అనే ధైర్యం రాలేదు.

అన్నయ్య మే నెలలో వచ్చాడు, చంకకర్రలతో. ఊరంతా ఎదురెళ్ళింది. రాదులె కన్నీళ్ళు పెట్టుకుని మళ్ళీ పైలట్‌ని తిట్టాడు. అన్నయ్య, "పోనీలేరా, ఆ పిల్లాడేం చేస్తాడు" అన్నాడు. అని నా వంక చూడలేదు. చూడకపోవడం నాకు తెలిసింది.

జులై వచ్చింది. పచ్చిక నడుము దాకా పెరిగింది. ఇన్నేళ్ళూ అన్నయ్య ముందు కోసుకుంటూ పోతే నేను వెనక కోసేవాణ్ణి. ఆ ఏడు నేనొక్కణ్ణే. అన్నయ్య బయలు అంచున రాతిమీద కూర్చుని, చిన్న ఇనప దాగలిమీద కొడవలి అంచుని సుత్తితో కొట్టి పదును పెట్టేవాడు. టిక్, టిక్, టిక్. ఆ చప్పుడు వింటూ నేను కోస్తాను. మొద్దుబారగానే వెళ్ళి ఇస్తాను, ఇంకోటి తీసుకుంటాను. చంకకర్రలు రెండూ పచ్చికలో పడుకోబెట్టి ఉంటాయి. మడిచి కుట్టిన పంట్లాం కాలు రాతిమీదనుంచి వేలాడుతుంటుంది.

మూడో రోజు నావల్ల కాలేదు. కొడవలి ఇవ్వడానికి వెళ్ళి, ఇవ్వకుండా నిలబడ్డాను.

"అన్నయ్యా, ఆ ఫోను..."

"ఊఁ."

"ఆ రోజు వాళ్ళు అడిగారు. నేనే వద్దన్నాను."

టిక్, టిక్. ఆయన సుత్తి ఆపలేదు. "తెలుసు. నేను నిద్రపోలేదు."

ఆయన పక్కన పచ్చికలో కూలబడ్డాను.

"మొదటిసారి వద్దన్నావు, అది సరే" అన్నాడు. "నేనైనా అదే అనేవాణ్ణి. అన్నాను కూడా, హెలికాప్టర్ ఎక్కిస్తుంటే. మన నోళ్ళు అంతే." కొడవలి అంచుమీద బొటనవేలు జరిపి చూశాడు. "కానీ మళ్ళీ చేస్తావనుకున్నాన్రా. పొద్దున అనుకునేవాణ్ణి, మధ్యాహ్నం అనుకునేవాణ్ణి. వాడు నా తమ్ముడు, చేస్తాడు అనుకునేవాణ్ణి. నువ్వు ఎత్తావు. ఎత్తి లైను పోయిందన్నావు."

"నువ్వొక్క మాట అనాల్సింది అన్నయ్యా. చెయ్యరా అంటే చేసేవాణ్ణి."

అప్పుడు సుత్తి ఆగింది.

"నా కాలికోసం నిన్ను నేను అడుక్కోవాలా?" అన్నాడు.

ఏడ్చానంటే ఏడ్చాను, ముక్కు కారుతూ, మొహం చేతుల్లో పెట్టుకుని, అరవై ఏళ్ళవాణ్ణి. ఆయన మళ్ళీ పదును పెట్టడం మొదలుపెట్టాడు.

రోసాండా కొండ దిగి వచ్చింది, పుల్లమజ్జిగ కూజాతో. నా మొహం చూసింది, ఆయన మొహం చూసింది, ఏమీ అడగలేదు. "బావగారూ, మజ్జిగ తాగండి" అంది.

"వద్దమ్మా, ఇందాకే తిన్నాను."

"ఎండగా ఉంది, కొంచెం తాగండి."

"అబ్బే, వాడికియ్యి."

"తాగాల్సిందే, చల్లగా ఉంది."

"సరే, నీ మాట ఎందుకు కాదనాలి" అని గిన్నె అందుకున్నాడు. నిండా పోసింది. నావైపు తిరిగింది. "నీకు?"

గొంతు ఎండిపోయి ఉంది. పొద్దున్నుంచి కోస్తున్నాను. ఊఁ అను, ఊఁ అను అని లోపల నాకు నేనే చెప్పుకున్నాను. బయటికి మాత్రం, "వద్దులే" అనే వచ్చింది.

ఆమె కూజాకి మూత పెట్టింది. గట్టెక్కి వెళ్ళిపోయింది. ఆమె ఎర్ర తలగుడ్డ కంచె దాటేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. తర్వాత అన్నయ్య తన గిన్నెని నావైపు జరిపాడు. ఒక్క గుక్క కూడా తాగలేదు.

"తాగరా."

"వద్దన్నయ్యా. నీకోసం పోసింది."

"తాగు, ఎండలో కోశావు."

"నాకొద్దు."

ఆయన గిన్నె వెనక్కి తీసుకోలేదు. చెయ్యి అలాగే చాపి ఉంచాడు. ఆ చేతికింద, రాతిమీద నుంచి, ఖాళీ పంట్లాం కాలు గాలికి కదిలింది.

"తాగరా యాగోష్" అన్నాడు మూడోసారి.

తీసుకున్నాను. పుల్లగా, చల్లగా ఉంది. మొహం గిన్నెలో దాచుకుని మొత్తం తాగాను.